చెవి వెనక సొట్ట

సరోజినీదేవి గారింటి హాల్లో, టీపాయ్ మీద పుర్రె పెట్టి గ్లోరి చేయి వెనక్కి తీసుకుంది. పోయిన వారం మనం అక్కడ ఆగాం. అది నిజం పుర్రె కాదు. మెడికల్ కాలేజీ పిల్లలకు పాఠం చెప్పే ప్లాస్టిక్ పుర్రె. కింది దవడకు రెండు పక్కలా చిన్న స్ప్రింగులు. అయినా ఆ ఇంట్లోవాళ్లు ఇంకా దాని ముఖం చూడలేదు. ఒకరు ఫ్యాను వంక, ఒకరు కిటికీ వంక చూస్తున్నారు.

మధ్యలో ఒకటి రెండు వారాలు తప్పినవాళ్లకు నాలుగు మాటలు. సరోజినీదేవి గారి కూతురు శ్రీవల్లికి నలభై ఒక్కేళ్లు. తిరువూరులోనే హైస్కూల్లో లెక్కలు చెబుతుంది. ఏడాదిన్నరగా ఎడమ చెవి వినిపించదు, నడిస్తే ఎడమ పక్కకు తూలుతుంది. విజయవాడలో స్కాన్ తీస్తే చెవి నరం మీద, మెదడుకు ఆనుకుని, పెద్ద రేగుపండంత గడ్డ కనపడింది. క్యాన్సర్ కాదు, కానీ తీయాలి. తీయాల్సిన డాక్టరు మన గ్లోరి. ఆపరేషన్ గురువారం. గ్లోరి మామ్మ జ్ఞానమణి ఒకప్పుడు తిరువూరులో ఇల్లిల్లూ తిరిగి పసిపిల్లలకు నీళ్లు పోసిన మనిషి. శ్రీవల్లికి కూడా ఇరవై తొమ్మిది రోజులు పోసింది. ముప్పయ్యో రోజు పొద్దున పాలేరు వచ్చి, ఇక రానక్కర్లేదని చెప్పి, మూడు నెలల జీతమూ ఒక కొత్త చీరా ఇచ్చి వెళ్లాడు. కారణం చెప్పలేదు. జ్ఞానమణి ఆ గడప మళ్లీ తొక్కింది ఈ ఆదివారమే.

"ముందు దాన్ని తీసెయ్యమ్మా," అంది సరోజినీదేవి. "భోజనాల వేళ ఇంట్లోకి పుర్రె తెస్తారా ఎవరైనా?"

"ప్లాస్టిక్ అండీ."

"ఏదైతేనేం. పళ్లున్నాయి దానికి."

కొడుకు విశ్వతేజ నవ్వాపుకోలేకపోయాడు. అతనికి ముప్పై ఏడు. బస్టాండు దగ్గర పురుగుమందుల షాపు, విస్సన్నపేట దగ్గర మామిడితోట. గ్లోరి, అతను ఒకే స్కూలు. అతను టెన్త్ రెండోసారి రాసిన ఏడే ఆమె స్కూల్ ఫస్టు వచ్చింది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తే.

జ్ఞానమణి సోఫా అంచున కూర్చుని ఉంది. ఆ ఇంట్లో ఆమె ఎప్పుడూ పెరటి వైపు నుంచే వచ్చేది, పెరట్లోనే కూర్చునేది. ఇవాళ మనవరాలు చేయి పట్టుకుని వీధి గుమ్మంలోంచి తీసుకొచ్చి సోఫాలో కూర్చోబెట్టింది. కూర్చున్నదే గానీ ఆమె మనసు ఒక చోట లేదు. బయట విప్పిన చెప్పులు ఎండలో ఉన్నాయి. కారు తాళం వేసిందో లేదో. ఈ పిల్ల పొద్దున ఒక్క ఇడ్లీ తిని బయల్దేరింది. అన్నిటికంటే పెద్ద బెంగ, ఈ ఇల్లు తనను ఒకసారి పొమ్మంది. ఇప్పుడు తన మూలంగా గ్లోరిని కూడా పొమ్మంటుందేమో.

"డాక్టరు గారూ," అన్నాడు విశ్వతేజ. "పాత స్నేహం కొద్దీ అడుగుతున్నాను, ఏమీ అనుకోవద్దు. హైదరాబాద్‌లో దారి చూపించే మెషిన్ పెట్టి చేస్తున్నారట. ఎక్కడ కోయాలో టీవీలో కనపడుతుందట. అది మీకుందా?"

"ఉంది."

"మరి ఈ బొమ్మతో పనేంటి?"

"మీ తోట రీసర్వే అయిందా?"

అతను వింతగా చూశాడు. "అయింది. పోయినేడు. డ్రోన్ తిప్పారు."

"డ్రోన్ తిప్పాక సర్వేయరు ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు? పాత హద్దురాళ్లు ఎక్కడున్నాయో చూపించమన్నాడు. నాన్నా నేనూ ముళ్లకంపలు నరుక్కుంటూ చూపించాం."

"డ్రోన్ ఉందిగా, రాళ్లెందుకు?"

విశ్వతేజ పుర్రె వంక మొదటిసారి తిన్నగా చూశాడు.

"మాకూ అంతే," అంది గ్లోరి. "మెషిన్ తలను చూపిస్తుంది. కానీ ఆ తల ఈ తలే అని దానికి ముందు మా చెయ్యి చెప్పాలి. ఒక్కోరోజు అది నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు చూపిస్తుంది. అది తప్పు చూపిస్తోందని ఎలా తెలుస్తుంది? ఎముక చెబుతుంది. ఎముక మీద దేవుడు పాతిన రాళ్లుంటాయి. మీ వేలు మీ చెవి ముందు పెట్టుకోండి. బుగ్గ ఎముక మొదలయ్యే చోటు తగిలిందా? అది మొదటి రాయి."

విశ్వతేజ వేలు పెట్టుకున్నాడు. సరోజినీదేవి పెట్టుకోలేదు గానీ ఆమె చెయ్యి ఒళ్లో కొద్దిగా కదిలింది.

"తల వెనకాల, మెడకు పైన, చిన్న బొడిపె ఉంటుంది. అది రెండోది. ఈ రెండింటికీ దారం కడితే, దారం వెంట ఎముక లోపల పెద్ద రక్తనాళం అడ్డంగా పోతుంది. తలలో రక్తాన్ని గుండెకు తిరిగి పంపించే కాలువ అది. ఇక మూడో రాయి, చెవి వెనక లావుగా తగిలే ఈ ఎముక, దాని వెనక గాడి. గాడి వెంట పైకొస్తే దారం తగిలే చోట కాలువ వంపు తిరిగి కిందికి దిగుతుంది. ఆ వంపుకు వెనకా కిందా, రూపాయి బిళ్లంత కిటికీ తీస్తాం. అందులోంచే లోపలికి వెళ్లి గడ్డను తీసుకురావాలి. కిటికీ ఒక వేలు ముందుకు పడితే కాలువ తెగుతుంది. ఒక వేలు వెనక్కి పడితే చిన్నమెదడును పక్కకు లాగాల్సొస్తుంది. లాగితే అక్క మళ్లీ తిన్నగా నడవదు."

పుర్రె మీద ఆమె వేలు ఒక రాయి నుంచి ఇంకో రాయికి తడుముకోకుండా పోతోంది. జ్ఞానమణి ఆ వేలినే చూస్తోంది. ఈ వేలు ఆరేళ్లప్పుడు తన కొంగు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. పసిబిడ్డ మాడు మీద ఆముదం పెడుతుంటే, "మామ్మా, ఇక్కడ కొట్టుకుంటోంది" అని భయపడి వెనక్కి తీసుకున్న వేలు.

"ఇదంతా పుస్తకంలో చదివిందేనా, చేసిందా?" అడిగింది సరోజినీదేవి.

"కాలేజీలో నూట పన్నెండు పుర్రెలు కొలిచానండి. ఏ రాయి ఎంత దూరంలో ఉందో."

"రెండు పక్కలా," అంది జ్ఞానమణి ఉండబట్టలేక. "అంటే రెండొందల ఇరవై నాలుగు." అని, నోరు జారానేమోనని చేతిసంచి గట్టిగా పట్టుకుంది.

"లెక్కల టీచరు నేనా, నువ్వా జ్ఞానమణమ్మా?" అంటూ లోపలి గదిలోంచి శ్రీవల్లి వచ్చింది. గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేస్తూ వచ్చి, జ్ఞానమణికి ఎడమ పక్కన కూర్చుంది. అలాగైతే మంచి చెవి ఈమె వైపు ఉంటుంది. "ఈ పక్క నుంచి మాట్లాడండి అందరూ. ఆ పక్క తిడితే నాకు వినపడదు. మా తమ్ముడికి అదే సౌకర్యం."

గ్లోరి నవ్వింది. తర్వాత నవ్వు మానేసింది.

"అక్కా, నేను ఇవాళ ఊరికే రాలేదు. నీ కుడి పక్క మూడు రాళ్లూ ఎక్కడుండాలో అక్కడున్నాయి. ఎడమ పక్క మూడోది కదిలింది. గాడి పైన ఎముక లోపలికి పోయి ఉంది. సొట్ట. జుట్టు కింద దాక్కుంది గానీ వేలికి తెలుస్తోంది. ఓపీలో అడిగాను, చిన్నప్పుడు తలకు దెబ్బ తగిలిందా అని."

"తగల్లేదని చెప్పాను," అంది సరోజినీదేవి. "ఇప్పుడూ అదే చెబుతున్నాను. అది పుట్టుకతో వచ్చింది."

"పుట్టుకతో వచ్చిందైతే మంచిదేనండి. మెదడును కప్పే లోపలి పొర ఎముక నుంచి మామూలుగా విడివడుతుంది. మామూలు దారినే వెళ్తాను. దెబ్బతో వచ్చిందైతే వేరు. పొర ఆ చోట ఎముకకు అతుక్కుపోయి ఉంటుంది, రక్తనాళం దాన్నంటుకుని ఉంటుంది. మామూలు చోట డ్రిల్లు పెడితే పొరతో పాటు అదీ చిరుగుతుంది. అప్పుడు నేను కింది నుంచి, బాగున్న ఎముకలోంచి మొదలుపెట్టి పైకి రావాలి. ఆ దారి పొడుగు. మూడు గంటలు ఎక్కువ. అక్కకు షుగరు. అవసరం లేకుండా ఆ దారి పట్టను. అవసరమైతే వదలను."

"స్కాన్‌లో తెలియదా?" అన్నాడు విశ్వతేజ.

"ఎముక స్కాన్ రేపు తీస్తాం. సొట్ట ఎంతుందో చూపిస్తుంది. ఎలా వచ్చిందో చూపించదు. నలభై ఏళ్లలో ఎముక పెరిగి, సర్దుకుని, అతుకు కనపడకుండా పోతుంది."

"అయితే?"

"అందుకే మామ్మను తీసుకొచ్చాను."

విశ్వతేజ సోఫాలో వెనక్కి వాలాడు. "స్కాన్ చెప్పనిది మామ్మ చెబుతుందా? డాక్టరు గారూ, ఇది మా అక్క తల. సొరకాయ కాదు."

"స్కాన్ ఇవాళ్టి తల చూపిస్తుంది తేజా," అంది గ్లోరి. ఆ ఇంటికి వచ్చాక మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. "ఇరవై తొమ్మిదో రోజు తల చూసింది ఈ లోకంలో మామ్మ ఒక్కతే."



"నలభై ఒక్కేళ్ల కిందటి తల నీకు గుర్తుందా జ్ఞానమణీ?" అంది సరోజినీదేవి. గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనం చూసే జ్ఞానమణికి భయం వేసింది.

"ఏమోనమ్మగారూ. చేయి పెడితే గానీ."

"నా తల చూసి చెప్పండి ముందు," అని విశ్వతేజ తల వంచాడు, ఆటపట్టించడానికి. జ్ఞానమణి సందేహిస్తూనే చెయ్యి వేసింది. రెండు క్షణాలు.

"నీకు నేను పొయ్యలేదు బాబూ. నీకు పోసినామెకు చేతులు పెద్దవి. రెండు పక్కలా గట్టిగా ఒత్తేది. అందుకే నడినెత్తి కూచిగా లేచింది. హెల్మెట్ పెట్టుకుంటే పైన నొప్పి పుడుతుందా?"

విశ్వతేజ తల ఎత్తాడు. శ్రీవల్లి పకపకా నవ్వింది. "పుడుతుంది! అందుకే కదా పోలీసులకు ఫైన్లు కడుతున్నాడు!"

తర్వాత శ్రీవల్లి కిందికి దిగి, జ్ఞానమణి కాళ్ల దగ్గర వీపు ఆనించి కూర్చుని, జడ విప్పుకుంది. నూనె పెట్టిన జుట్టు, అక్కడక్కడ తెల్లబడింది. జ్ఞానమణి తన అరచేతులు చీరకు తుడుచుకుంది.  వేళ్లు జుట్టులోకి పోనిచ్చింది.

నీళ్లు పోసేటప్పుడు ఆమె కాళ్లు చాపుకుని పీట మీద కూర్చునేది. బిడ్డను పిక్కల మీద పడుకోబెట్టుకునేది, తల పాదాల వైపు. ముందు ఆముదం, తర్వాత నలుగు, తర్వాత నీళ్లు. ఎడమ చేయి తల కింద గిన్నెలా ఉండేది. ప్రతి బిడ్డ తలా ఆ గిన్నెలో పట్టిన తీరు వేరు. కొన్ని కోడిగుడ్డులా జారేవి. కొన్ని ఒక పక్క బరువుగా ఒరిగేవి. ఈ బిడ్డ తల మాత్రం నిండుగా, ఎటూ ఒరగకుండా కూర్చునేది. ఆ పెరడు, ఇత్తడి గంగాళం, సాంబ్రాణి పొగ, తలుపు చాటున నీలం రేకు పెట్టె, ఆ ఆఖరి పొద్దున బిడ్డ ఆవలించిన తీరు, అన్నీ వేళ్ల చివరకు వచ్చి నిలబడ్డాయి.

వేళ్లు కుడి చెవి వెనక నుంచి వెళ్లాయి. బాగుంది. ఎడమ చెవి వెనకకు వచ్చాయి. గాడి వెంట పైకి పోయాయి. ఆగాయి.

నడిమి వేలి కొస పట్టేంత గుంట. అంచులు నున్నగా ఉన్నాయి.

జ్ఞానమణికి అప్పుడు తోచింది, ఇప్పుడు ఒక్క మాట అంటే చాలు. గుర్తులేదమ్మగారూ అంటే అందరూ ఊపిరి పీల్చుకుంటారు. సరోజినమ్మ కాఫీ ఇప్పిస్తుంది. ఎవరూ ఎవర్నీ పొమ్మనరు. తను నిజం చెబితే ఈ ఇంటావిడ మాట అబద్ధమవుతుంది. ఆవిడ కోపం వచ్చి కూతుర్ని హైదరాబాదు తీసుకుపోతానంటే, గ్లోరి ఇంత కష్టపడి కొలిచిన కొలతలన్నీ ఏమైపోవాలి? అక్కడివాళ్లకు ఈ గుంట సంగతి ఎవరు చెబుతారు?

తల ఎత్తి మనవరాలి వంక చూసింది. గ్లోరి ఆమెను తొందరపెట్టలేదు. ఆపరేషన్ థియేటర్లో పెద్ద డాక్టరు చెప్పే మాట కోసం నిలబడ్డట్టు, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఇది నా చేతి కింద లేదు," అంది జ్ఞానమణి.

"సరిగ్గా చూడు," అంది సరోజినీదేవి.

"చూశానమ్మగారూ. ఇరవై తొమ్మిదో రోజు పొద్దున ఈ చోట నా బొటనవేలితోనే ఆముదం రాశాను. చిన్న గుంటైనా ఆముదం అందులో నిలుస్తుంది. నిలవలేదు, మెడ మీదికి జారింది. గుండ్రంగానే అప్పజెప్పాను నేను. ఇది ఆ తర్వాత వచ్చింది."

"అంటే ఏంటి నీ ఉద్దేశం?" సరోజినీదేవి లేచి నిలబడింది. "నువ్వు మానేశాక నా బిడ్డను నేను చూసుకోలేదంటావా? సోఫాలో కూర్చోబెడితే ఇంతేనా? నీ మనవరాలు డాక్టరైతే అయింది, నా ఇంటికొచ్చి నా కాన్పు గురించి నాకు చెబుతారా మీరిద్దరూ?"

జ్ఞానమణి లేవబోయింది. సంచి కోసం చెయ్యి చాపింది కూడా. కానీ శ్రీవల్లి వెనక్కి చెయ్యి పెట్టి ఆమె పాదం పట్టుకుంది.

"అమ్మా," అంది శ్రీవల్లి తల తిప్పకుండా. "నాకు ఒక చెవే పోయింది. రెండోది బాగానే పనిచేస్తోంది. నీ గొంతు నాకు తెలుసు. నువ్వు కోపంగా లేవు. భయంగా ఉన్నావు."

"నాకేం భయం?"

"గురువారం నా తలకు చిల్లు పెడతారు. ఎక్కడ పెట్టాలో గ్లోరికి తెలియాలి. నాకు పదిహేనేళ్ల కొడుకున్నాడు. అన్నం మానేసి హాస్టల్లో ఫోను పట్టుకు కూర్చున్నాడు. చెప్పమ్మా."

సరోజినీదేవి మళ్లీ కూర్చుంది.  పుర్రె వంక చూసింది. చేయి చాపి, ఆ ప్లాస్టిక్ చెవి రంధ్రం వెనక గ్లోరి చూపించిన చోట ఒక వేలు పెట్టింది.

"ఇక్కడేగా?" అంది.

"అక్కడే," అంది గ్లోరి మెల్లగా.

"నా చేతుల్లోంచే పడింది."

విశ్వతేజ ఏదో అనబోతే గ్లోరి చెయ్యెత్తి ఆపింది.

"అదే రోజు. ఇరవై తొమ్మిదో రోజు. మధ్యాహ్నం. అప్పట్లో ఈ ఇంటి ముందు మూడు మెట్లుండేవి, గుర్తుందా జ్ఞానమణీ? రెండో మెట్టు మీద చీర కుచ్చిళ్లు కాలికింద పడ్డాయి. నేను పడలేదు. బిడ్డ జారింది. మెట్టు అంచు తగిలింది. ఒక్కసారి కెవ్వుమంది. ఎత్తుకుంటే ఊరుకుంది. బొప్పి కడుతుందేమో అని చూస్తే, కట్టలేదు. లోపలికి పోయింది. రబ్బరు బంతిని వేలితో నొక్కినట్టు. నొక్కి వదిలేస్తే మళ్లీ పైకొస్తుందేమో అని సాయంత్రం దాకా చూశాను. రాలేదు."

"డాక్టరు దగ్గరికి?" అన్నాడు విశ్వతేజ.

"ఎవరికి చెప్పాలి? నాకు తల్లి లేదు. కాన్పు అత్తింట్లోనే అయింది. బిడ్డను పడేశానని ఆ ఇంట్లో ఎవరికి చెప్పుకోవాలి? పాలు తాగింది, నవ్వింది. జుట్టు వస్తే కప్పేస్తుందనుకున్నాను. కప్పేసింది." ఆమె జ్ఞానమణి వైపు తిరిగింది. "కానీ తెల్లారితే నువ్వొస్తావు. నీ చేయి పడిన మరుక్షణం తెలిసిపోతుంది. ఆ రాత్రంతా నీ చేతులే గుర్తొచ్చాయి నాకు. మా అత్తగారి కళ్లకూ భయపడలేదు, ఆయన నోటికీ భయపడలేదు. నీ వేళ్లకు భయపడ్డాను. అందుకే వద్దన్నాను."

 జ్ఞానమణి చేతులు ఇంకా శ్రీవల్లి జుట్టులోనే ఉన్నాయి.

ఆ తర్వాత ఆమె ఏ ఇంట్లో నీళ్లు పోసినా మూడుసార్లు మోచెయ్యి ముంచి చూసుకునేది. నీళ్లు వేడెక్కువై బిడ్డ కందిందేమో, అందుకే మానిపించారేమో అని. వేళ్ల గోళ్లు మరీ పొట్టిగా కత్తిరించుకుని రక్తం తెచ్చుకునేది. నలుగులో ఏదైనా పడిందేమో అని పిండి తనే విసురుకునేది. నాలుగు ఇళ్ల తల్లులు అడిగారు కూడా, ఆ పెద్దింట్లో ఎందుకు మానేశావని. జవాబు లేక తల దించుకుంది. ఇన్నేళ్ల తర్వాత ఆ ప్రశ్న ఆమె ఒళ్లోంచి లేచి వెళ్లిపోయింది.

"అయితే నీళ్లు వేడి కాదన్నమాట," అంది.

సరోజినీదేవికి అర్థం కాలేదు. గ్లోరికి అర్థమైంది. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని, కళ్లద్దాలు తీసి కుర్తా కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకుంది. తర్వాత శ్రీవల్లి వెనక మోకాళ్ల మీద కూర్చుని, మామ్మ వేలు పక్కన తన వేలు పెట్టింది. రెండు వేళ్లూ ఒకే గుంట అంచు మీద ఉన్నాయి.

"మామ్మా, అంచు ఎక్కడిదాకా ఉంది? నాకు ఇక్కడితో అయిపోయినట్టుంది."

"లేదమ్మా. ఇంకో గోరంత కిందికి. నున్నగా ఉంది కాబట్టి నీకు తెలియడం లేదు. ఇదిగో, ఇక్కడ."

గ్లోరి వేలు జరిపింది. కళ్లు మూసుకుంది. "అవును," అంది. "ఉంది."

చేతిసంచిలోంచి పెన్ను తీసి, జుట్టు పాయ పక్కకు పట్టుకుని, చర్మం మీద చిన్న చుక్క పెట్టింది. దానికి రెండు వేళ్ల కింద, బాగున్న ఎముక మీద, ఇంకో చుక్క.

"పై చుక్క సొట్ట చివర. ఈ కింది చుక్క దగ్గర నేను మొదలుపెడతాను. రేపు స్కాన్ ఈ రెండు చుక్కలూ చూసి తీయిస్తాను. రక్తనాళాల ఫొటో కూడా. మా పెద్ద సార్‌కి ఫోన్ చేసి చెబుతాను, సొట్ట దెబ్బతో వచ్చిందని."

"ఎవరు చెప్పారంటే ఏమంటారు?" అన్నాడు విశ్వతేజ. ఈసారి గొంతులో ఎకసెక్కం లేదు.

"మా మామ్మ చెప్పిందని చెబుతాను. ఆయనకు మా మామ్మ తెలుసు. నా పుర్రెల కొలతల పుస్తకం మొదటి పేజీలో ఈమె పేరుంది."

జ్ఞానమణి ఉలిక్కిపడింది. "నా పేరా? నాకెప్పుడూ చెప్పలేదే!"

"చెబితే, ఏం తప్పు రాశానోనని నిద్రపోవు కదా."

శ్రీవల్లి నవ్వింది. తర్వాత జుట్టు ముడి వేసుకుని, సోఫా అంచు పట్టుకుని మెల్లగా లేచింది. తూలింది. విశ్వతేజ పట్టుకోబోతే వద్దంది.

"గురువారం," అంది. "హైదరాబాదు లేదు, చెన్నై లేదు. నా తల మీద ఇద్దరి చేతులు పడ్డాయి. మూడో చేతికి ఇవ్వను. బుధవారం నాకు తలంటు ఈ జ్ఞానమణమ్మే పోస్తుంది. మిగిలిపోయిన ముప్పయ్యో రోజు అనుకోండి."

జ్ఞానమణి కళ్లు తుడుచుకుంది. గర్వంగా కూర్చోవాలని ఉంది, భయం వదలడం లేదు. రెండూ కలిసి ఆమె వీపును మామూలు కంటే నిటారుగా నిలబెట్టాయి.

"కానీ అమ్మా," అంది శ్రీవల్లి. "ఎలా పడ్డానో చెప్పావు. ఎందుకు పడ్డానో చెప్పలేదు."

"కాలు తడబడిందని చెప్పానుగా."

"ఇరవై తొమ్మిదో రోజు బాలింతరాలు. మిట్టమధ్యాహ్నం. బిడ్డనెత్తుకుని వీధి మెట్లు ఎందుకు దిగుతున్నావు? ఎక్కడికి బయల్దేరావు?"

సరోజినీదేవి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జ్ఞానమణికి గుర్తొచ్చింది. తలుపు చాటున నీలం రేకు పెట్టె. దానికి కొత్త తాడు చుట్టి ఉంది. తాడు కింద తువ్వాలులో చుట్టిన పాలసీసా. ఆ పొద్దున నీళ్లు పోస్తూ చూసింది. పుట్టిల్లు లేని మనిషి పెట్టె సర్దుకుని ఎక్కడికి పోతుందా అని ఆ రోజంతా బెంగపడింది. ఎవరికీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

గేటు కిర్రుమంది. వాకిట్లో మోటారు సైకిలు ఆగింది. తోట నుంచి శ్రీవల్లి తండ్రి హనుమయ్య వచ్చాడు.

"మేం బయల్దేరతామండి," అంది జ్ఞానమణి గబగబా సంచి అందుకుంటూ. "పద గ్లోరీ."

"కూర్చో జ్ఞానమణీ." సరోజినీదేవి చెంగు దించింది. ముఖం పాలిపోయింది గానీ గొంతు స్థిరంగా ఉంది. "ఆ పెట్టె నువ్వు చూశావని నాకు తెలుసు. చూసి కూడా ఎవరికీ చెప్పలేదనీ తెలుసు. నేను పొమ్మన్నాక కూడా చెప్పలేదు."

హనుమయ్య గడపలోనే ఆగాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, చొక్కా మీద మామిడి జీడి మరకలు. ఆయన చూపు ముందు టీపాయ్ మీద పుర్రె మీద పడింది. తర్వాత సోఫాలో ఉన్న ముసలామె మీద. అక్కడే ఆగిపోయింది.

"ఈమె ఈ ఇంట్లోకి ఎందుకొచ్చింది?" అన్నాడు.

"నేనే కూర్చోబెట్టాను," అంది సరోజినీదేవి. "మీరూ కూర్చోండి. ఆ రోజు నేను పెట్టెతో ఎక్కబోయిన రెండున్నర బస్సు సంగతి చెప్పాలి పిల్లలకి. ఈసారి మీ ముందే చెబుతాను."